చూడకముందే రాసిన ఫ్రాన్సు

నేను ఫ్రాన్సు చూసొచ్చానని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొత్తగా కిరాయికి దిగినవాళ్ళకి పాలు పోసే ఆమె నన్ను వేలు పెట్టి చూపించి, "గా సారు ఫ్రాన్సు పోయొచ్చిండు" అంటుంది. ఆ దేశంలో కాలు పెట్టకముందే దాని మీద ఇరవై రెండు పేజీల రిపోర్టు రాశానన్న సంగతి పాపం ఆమెకు తెలియదు. మా ఆఫీసులో నలుగురికి తెలుసు, ములకలపల్లి అవతల అడవిలో ఒక గూడెం మొత్తానికీ తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరి టేబుల్ ముందు కూర్చున్న పిల్లలు మీరు. చదివి నవ్వుకోండి, నాకేం బాధ లేదు. నవ్వడం అయ్యాక మీ సొరుగులో ఏ రిపోర్టు ముందే తయారై కూర్చుందో ఒకసారి తీసి చూసుకోండి.

నేను భద్రాచలం వైపు ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఏ ఆఫీసు అని అడగొద్దు. అడవి అంచు ఊళ్ళకి అభివృద్ధిని ఫైళ్ళలో పెట్టి పంపే ఆఫీసు అనుకోండి, చాలు. సొంతూరు దమ్మపేట. మా ఇంట్లో అందరూ పామాయిల్ తోటలో తిరిగేవాళ్ళు, గెల చూసి మాట్లాడేవాళ్ళు. కాగితం చూసి మాట్లాడేవాడిని నేనొక్కడినే పుట్టాను.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. ఏ అధికారైనా స్టడీ టూరుకి పోతున్నాడంటే ఆయన బట్టలు సర్దుకునే లోపే టూరు రిపోర్టు సిద్ధం కావాలి. వచ్చాక రాద్దామంటే కుదరదు. వచ్చాక జలుబులుంటాయి, సెలవులుంటాయి, చుట్టాలకి ఫోటోలు చూపించే పనుంటుంది. పైవాళ్ళు మాత్రం దిగిన మర్నాడే రిపోర్టు ఏదంటారు. కాబట్టి ముందే రాసి, తేదీ దగ్గర ఖాళీ వదిలి, బీరువాలో పెట్టేవాళ్ళం. అధికారి వెళ్ళి, రిపోర్టులో ఉన్నవన్నీ చూసినట్టే తిరిగొచ్చి సంతకం పెట్టేవాడు.

ఈ విద్యలో జిల్లా మొత్తం మీద నాకు సాటి లేడు. ఖమ్మం దాటకుండా కేరళ పడవల మీద రాశాను, రాజస్థాన్ కోటల మీద రాశాను, ఎక్కడో ఈశాన్యంలో వెదురు బుట్టల మీద రాశాను. "కళ్ళకు కట్టినట్టు రాస్తావయ్యా" అని ఒక అధికారి నా భుజం తట్టాడు. ఆ రోజు ఇంటికి పోయి మా ఆవిడతో ఆ మాట రెండుసార్లు చెప్పాను. సిగ్గనేది ఉండాలి కదా, లేదు.

ఇక అసలు సంగతి. ములకలపల్లి దాటి వాగు వెంట లోపలికి పోతే ఒక కోయగూడెం ఉంది. దాని చుట్టూ సగం కూలిన రాతి గోడ. ఎవరు కట్టించారో ఎవరికీ తెలియదు, ఏ రాజు పేరూ మిగల్లేదు. గోడ లోపల ముప్పై చిల్లర ఇళ్ళు. ఆ గోడ మీద మిరపకాయలు ఎండబోసుకుంటారు, ఇప్పపువ్వు ఆరబెట్టుకుంటారు, మిగిలిన చోట మేకలు ఎక్కి నిలబడతాయి. విత్తనాల పండగకి మొదట మొక్కేది కూడా ఆ గోడ మూల దగ్గరే.

కొత్తగా వచ్చిన మా పెద్దసారు ఒకనాడు రోడ్డు పని చూడటానికి అటు పోయి ఆ గోడ చూశాడు. మంచి మనిషే. అయితే పొద్దున ఫోన్లో ఏ వీడియో చూస్తే సాయంత్రానికి అది మా జిల్లాలో కట్టాలనేవాడు. గోడ చూడగానే జీపు ఆపించి, "ఇది మన సాన్ మాలో!" అన్నాడు.

సాన్ మాలో అంటే ఏందో మాకు తెలియదు. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున ఉన్న పాత కోట ఊరట. చుట్టూ రాతి ప్రాకారం, దాని మీద జనం నడుచుకుంటూ పోతారట, లోకం నలుమూలల నుంచీ వస్తారట.

పక్కనే ఉన్న మా ఇంజనీరు నెమ్మదిగా, "మరి సముద్రం సార్?" అన్నాడు.

"వాగు ఉంది కదయ్యా. చెక్‌డ్యామ్ కట్టు."

అట్లా మొదలైంది. మూడు నెలల్లో ఫైలు ఎక్కడెక్కడో తిరిగి, 'సముద్ర తీర చారిత్రక ఫ్రెంచి పట్టణాల అధ్యయన యాత్ర' అని మంజూరై దిగింది. పెద్దసారు, ఇంజనీరు, మూడోవాడుగా ఒక స్థానిక ప్రతినిధి. స్థానిక ప్రతినిధి తప్పనిసరి అని అందులోనే రాసి ఉంది. గూడెంవాళ్ళు కూర్చుని మాట్లాడుకొని ఒక ముసలామెను పంపుతామన్నారు. గోడలో ఏ రాయి ఎప్పుడు కూలిందో చెప్పగలిగేది ఆమె ఒక్కతే.

పాస్‌పోర్టు దగ్గర పని ఆగింది. పుట్టిన తేదీ అడిగితే, "వాగు పొంగి మా మేకలు కొట్టుకపోయిన ఏడు" అంది. ఆ తేదీకి కంప్యూటరులో గడి లేదు. ఒక కార్డులో ఒక సంవత్సరం ఉంది, ఇంకో కార్డులో ఇంకోటి ఉంది. రెండో కార్డు నమ్మితే ఆమె తన చెల్లెలికంటే చిన్నది. ఆఫీసులన్నీ తిప్పి తిప్పి చివరికి కాదన్నారు. టిక్కెట్లు మాత్రం అప్పటికే కొన్నారు.

నాకు పాస్‌పోర్టు ఉంది. మా బావమరిది దుబాయి పిలిపిస్తాడని ఎప్పుడో తీసుకున్నాను. వాడు పిలవలేదు, అది మాత్రం పెట్టెలో మడత నలగకుండా ఉంది. పెద్దసారు ఫైలు మీద 'ఈయనదీ ఈ జిల్లానే, స్థానికుడే' అని రాసి నన్ను మూడోవాడిని చేశాడు. నక్క తోక తొక్కానని ఆఫీసంతా ఒకటే గోల.

బయల్దేరే వారం ముసలామె ఆఫీసుకి వచ్చింది. చేతిలో ఇప్పపువ్వు లడ్లు, మోదుగాకులో చుట్టినవి. కోపంగా వచ్చిందేమో అనుకున్నాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నా బదులు నువ్వు పోతున్నవంట గద సారు."

"అవునవ్వా. ఏం చేద్దాం, కాగితాలు కుదరలేదు."

"పోతె పోనీ. నాకు గా గాలి మోటరంటె భయమే. కాని గిది యాదిపెట్టుకో. నా కండ్లకు బదులు నీ కండ్లు పోతున్నయ్. గోడ లోపట మనుషులు ఎట్ల బతుకుతున్నరో మంచిగ చూడు. వచ్చినంక నాకు చెప్పాలె."

సరేనన్నాను. ఆమె వెళ్ళాక లడ్డూ తింటూ ఫ్రాన్సు రిపోర్టు రాయడం మొదలుపెట్టాను.

రాయడం అంటే మరేం లేదు. రాజస్థాన్ కోటల రిపోర్టు కంప్యూటరులో ఉంది. దాన్ని తెరిచి రాజస్థాన్ అని ఉన్న చోటల్లా ఫ్రాన్సు అని, ఎడారి ఉన్న చోటల్లా సముద్రం అని మార్పించాను. నెట్లోంచి నాలుగు ఊళ్ళ పేర్లు తెచ్చి అతికించాను. పెద్దసారుకి ఇరవై పేజీలకు తక్కువైతే మనసొప్పదు. అందుకని పాత రిపోర్టులోని పేరాలు ఒక్కటి కూడా తీయలేదు. అందులో పద్నాలుగో పేరా ఇట్లా ఉంది: 'కోట లోపలి నివాసాలను గోడ వెలుపలికి తరలించుట వలన చారిత్రక వాతావరణము స్వచ్ఛముగా నిలిచి సందర్శకుల సంఖ్య గణనీయముగా పెరిగినది.' అది రాజస్థాన్‌లో కూడా ఎవరూ చేసింది కాదు. అప్పట్లో పేజీ నిండక నా బుర్రలోంచి తీసి పెట్టిందే. పొరపాటున కూడా అది ఎవరి ఇంటి మీదికైనా పోతుందని నాకు తట్టలేదు. పేరా అంటే పేజీ నింపేదనే అనుకునేవాడిని.

ఫ్రాన్సులో దిగాం. ఆవకాయ సీసా ఒకటి విమానంలో కారి పెద్దసారు కోటు రంగు మార్చిన సంగతి వదిలేస్తాను. మమ్మల్ని ఊళ్ళు తిప్పడానికి ఒక గైడు వచ్చాడు. నల్లగా, సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకొని ఉన్నాడు. మేము ఇంగ్లీషులో తంటాలు పడుతుంటే కాసేపు విని, "ఆయ్, మీరు తెలుగోళ్ళాండీ? మాది యానామండి బాబూ!" అన్నాడు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది కదా, అట్లా ఆయన కుటుంబం ఫ్రాన్సు చేరిందట. భద్రాచలం నుంచి వచ్చామనగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"మీరు పంపిన గోదారేనండి మా ఊరి కాడ సముద్రంలో కలిసేది. వరదొచ్చిందంటే ముందు మీకు, తరవాత మాకు. మనం మనం ఒకటేనండి."

ఆయన లేకపోతే ఈ కథే లేదు.

మొదట ఓన్‌ఫ్లూర్ అనే రేవు ఊరు చూశాం. నీళ్ళ చుట్టూ సన్నగా పొడుగ్గా ఇళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడి ఉన్నాయి. అక్కడ ఒక చర్చి పూర్తిగా కర్రతో కట్టింది. ఓడలు కట్టేవాళ్ళు కట్టారట, తలెత్తి చూస్తే పడవ బోర్లించినట్టే ఉంది. నేను అడవి పక్కన పుట్టినవాణ్ణి, అంత కర్ర ఒకచోట చూసేసరికి ఒళ్ళు జలదరించింది. నా రిపోర్టు ఆరో పేజీలో 'ఇచటి ప్రార్థనా మందిరములు సంపూర్ణముగా శిలా నిర్మితములు' అని ఉన్నట్టు గుర్తొచ్చింది. ఇంజనీరు ఒక స్తంభాన్ని వేలితో కొట్టి చూసి, నా చెవిలో, "అన్నా, గిది టేకు మాత్రం కాదే" అన్నాడు.

తర్వాత సాన్ మాలో. గోడ మీద నడిచాం. ఒక పక్క ఊరు, ఒక పక్క సముద్రం. పొద్దున గోడ దాకా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి ఎక్కడికో పోయాయి. పడవలు ఇసుకలో పక్కకు ఒరిగి పడుకున్నాయి. ఇంజనీరు జేబులోంచి టేపు తీసి గోడ మందం కొలిచాడు. పెద్దసారు ఫోటోలు దిగాడు. నేను బీచి వైపు చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదో పేరా కళ్ళ ముందు ఆడుతోంది: 'సముద్ర తీరమున ఒంటెల స్వారీకి విశేష ఆదరణ కలదు.' రాజస్థాన్ తీశాను గానీ ఒంటెలను తీయడం మరిచిపోయాను. అంత పెద్ద బీచిలో ఒక్క ఒంటె కనిపిస్తే బాగుండునని ఆశగా వెతికాను. ఎంత వెతికినా కుక్కలే కనిపించాయి.

మూడో ఊరి పేరు నాకు నోరు తిరగలేదు, ఇప్పటికీ తిరగదు. సముద్రానికి కొంచెం లోపలగా, గుట్ట మీద చిన్న కోట ఊరు. పెద్దసారూ ఇంజనీరూ కాఫీ తాగుతామని ఒకచోట కూర్చున్నారు. నేనూ గైడూ ఒక సందులోకి నడిచాం. రాళ్ళు పరిచిన దారి, అద్దంలా తుడిచిన గోడలు, కిటికీల కింద పూలు. చాలా బాగుంది. అయితే కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తలుపుల పక్కన తాళంచెవి పెట్టుకునే చిన్న చిన్న డబ్బాలు. మనిషి అలికిడి లేదు. మొత్తం సందులో ఒకే ఒక కిటికీకి బట్టలు ఆరేసి ఉన్నాయి. లుంగీ లాంటిది, రెండు తువ్వాళ్ళు, మేజోళ్ళు. ప్రాణం లేచొచ్చి ఫోన్ తీసి ఫోటో కొట్టాను.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ముసలామె తల బయటపెట్టి గట్టిగా ఏదో అంది, ఆ ముఖమూ ఫోటోలో పడింది. గైడు నవ్వాపుకోలేకపోయాడు.

"ఆరేసిన గుడ్డలు ఫోటో తీయడానికి నీకేం పోయేకాలం వచ్చిందని అడుగుతున్నారండి."

చేతులెత్తి దండం పెట్టాను. ఆ దండానికి ఆమె మెత్తబడిందో, పలకరించే మనిషి దొరికాడనుకుందో, కిందికి దిగొచ్చింది. నోట్లో రెండో మూడో పళ్ళు. గుమ్మం మీద కూర్చొని, నన్నూ కూర్చోమని రాయి చూపించి, మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె చెబుతుంటే గైడు మధ్య మధ్య ఆపి చెప్పేవాడు.

"ఎండాకాలం ఈ సందులో కాలు పెట్టడానికి సోటుండదంటండి. చలికాలం వచ్చిందంటే దీపం ఎలిగేది ఈవిడింట్లోనేనంట. మిగతాయన్నీ చూడ్డానికొచ్చేవోళ్ళకి అద్దెకిచ్చే ఇళ్ళేనండి. రొట్టెల కొట్టు తీసేశారంట, బడి తీసేశారంట. గోడని మాత్రం రోజూ తుడుత్తున్నారంటందండి."

"ఇల్లు ఆమె సొంతమేనా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

"ఇల్లు ఈవిడది కాదండి, అద్దె. పెళ్ళయి వచ్చిన కాణ్ణించీ ఇందులోనేనంట. ఇప్పుడు యజమాని కాళీ చెయ్యమని కాయితం పంపాడంటండి. ఎక్కడికి పొమ్మంటాడని అడుగుతున్నారు."

ఆమె నన్ను ఏ ఊరని అడిగింది. అడవి పక్క ఊరు, మా దగ్గరా ఒక పాత గోడ ఉంది, దాన్ని బాగుచేయడానికే ఇక్కడికి నేర్చుకోవడానికొచ్చాం అని చెప్పించాను. ఆమె నా మోకాలు మీద చెయ్యి పెట్టి ఒక్కటే అడిగింది.

"ఆ గోడ లోపల మనుషులున్నారా అంటందండి."

"ఉన్నారు."

"ఉండనియ్యమని చెప్పమంటందండి."

నా భుజాన సంచిలో ఇరవై రెండు పేజీలు ఉన్నాయి. పద్నాలుగో పేరా అందులో ఉంది. ఆ క్షణం ఎంత సిగ్గుపడ్డానో మీకు చెప్పలేను. పరిగెత్తినట్టు నడిచి కాఫీ హోటలుకి పోయి, "సార్, రిపోర్టులో ఒక పేరా కొట్టెయ్యాలి" అన్నాను.

పెద్దసారు కప్పు కింద పెట్టాడు. "రిపోర్టా? నిన్ననే మెయిల్లో పంపేశానయ్యా. పైవాళ్ళు అడిగారు, ఎలాగూ రాసే ఉంది కదా. చాలా మెచ్చుకున్నారు. కళ్ళకు కట్టినట్టుందట."

మేము తిరిగొచ్చిన పదిరోజులకి మంజూరు కాగితం వచ్చింది. మొదటి విడతలో మూడు పనులు. గోడ మరమ్మతు. లోపలి ఇళ్ళను రోడ్డు వారకు తరలించుట. ఒంటెలు, రెండు.

ఇంజనీరు ఆ కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఒంటెలకు షెడ్డు ఎస్టిమేట్ నేనెయ్యాల్నా? దానెత్తు ఎంతుంటదే?" అన్నాడు.

నేను గూడెం పోయాను. అప్పటికే సర్వే మనుషులు వచ్చి పోయారు. ప్రతి ఇంటి ముందూ ఎర్ర రంగు పూసిన కర్ర మేకు. ముసలామె ఇంటి ముందు మేకుకి మేకపిల్లను కట్టేసి ఉంది. ఆమె ఊళ్ళో లేదు, పినపాకలో కూతురింటికి పోయిందన్నారు. అమ్మయ్య అనుకొని జీపెక్కాను. అంత పిరికివాణ్ణి నేను.

మొదట మా ఆఫీసు పద్ధతిలోనే ప్రయత్నించాను. 'పద్నాలుగో పేరాకు సవరణ' అని ఒక నోటు పెట్టాను. పెద్దసారు నన్ను పిలిచి తలుపు వేయించాడు.

"సవరణ అంటే ముందు రాసింది తప్పని ఒప్పుకున్నట్టే కదయ్యా. ఎవరు రాశారంటారు? నువ్వు. ఎప్పుడు రాశావంటారు? సంతకం ఎవరిదంటారు? నీకు రిటైర్మెంటు ఇంకా ఎన్ని నెలలుంది?"

"పదకొండు సార్."

"మరి?" అన్నాడు. నోటు తిరిగి నా చేతికిచ్చాడు.

ఏజెన్సీ ఊళ్ళలో గ్రామసభ ఒప్పుకోకుండా ఇళ్ళు కదపడానికి లేదు. అందుకని సభ పెట్టారు. బడి వరండాలో మూడు కుర్చీలు, ఒక మైకు. ఎదురుగా గూడెం మొత్తం నేల మీద కూర్చుంది. పోయేటప్పుడు జీపులో ఇంజనీరు నా చెయ్యి పట్టుకొని, "అన్నా, నీ కాళ్ళు మొక్కుత, ఇయ్యాల నోరు తెరవకు. సంతకంల నా పేరు గూడ ఉన్నది" అన్నాడు. తెరవనన్నాను. నిజంగానే తెరవకూడదనే అనుకున్నాను.

పెద్దసారు బాగా మాట్లాడాడు. ఫ్రాన్సు గురించి, గోడల గురించి, వచ్చే జనం గురించి. రోడ్డు పక్కన కొత్త ఇళ్ళు, నల్లా నీళ్ళు. తర్వాత రిపోర్టు తీసి మొదలుపెట్టాడు. తొమ్మిదో పేరా వచ్చింది. ఒంటెలు అనగానే పిల్లలు కిసుక్కుమన్నారు.

ముసలామె లేచింది. పెద్దసారు వైపు కూడా చూడలేదు. నా వైపే చూసింది.

"సారు, నువ్వు చెప్పు. నా బదులు పోయింది నువ్వు. ఆడ ఒంటెలున్నయా?"

ఇంజనీరు మోకాలితో నా కాలు తన్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"లేవవ్వా. కుక్కలున్నాయి."

సభ గొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వేశాడు. ఒంటెలు పోతే పోయాయి, నష్టమేముంది అనుకొని ఉంటాడు. నవ్వు సద్దుమణిగేదాకా ఆమె నిలబడే ఉంది.

"మరి గోడ లోపటి ఇండ్లు? తీసేసిండ్రా?"

అప్పుడెవరూ నవ్వలేదు. ముప్పై చిల్లర ఇళ్ళ మనుషులు నన్నే చూస్తున్నారు. పదకొండు నెలలు, పింఛను, మా ఆవిడ, అన్నీ ఒక్కసారి తల్లో గిర్రున తిరిగాయి. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"తీసెయ్యలేదు," అన్నాను. "లోపలి ఇళ్ళు తీసేశారన్న రిపోర్టు నేను ఫ్రాన్సు పోకముందే రాశాను. మా ఆఫీసులో కూర్చొని, నువ్విచ్చిన లడ్డు తింటూ రాశాను. అట్లాంటిది నేనెక్కడా చూడలేదు. అక్కడ గోడ లోపల ఒక ముసలామె ఉంది. ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోవాలని అడిగింది. మీ గోడ లోపల మనుషుల్ని ఉండనియ్యమని చెప్పి పంపింది. నేనది మీకు చెప్పకుండా దాచాను."

ఫోన్ తీసి ఆ ఫోటో ముసలామె చేతికిచ్చాను. కిటికీ, తువ్వాళ్ళు, పైనుంచి తిడుతున్న ముఖం. ఆమె దాన్ని దగ్గరగా పెట్టుకొని చూసింది.

"దీనికి గూడ నాలెక్కనే పండ్లు లేవు," అంది. పక్కామెకిచ్చింది. ఫోను చేతులు మారుతూ చివరి వరసదాకా పోయింది. వాళ్ళలో వాళ్ళు కోయలో ఏదేదో అనుకున్నారు. పెద్దసారు మైకు అందుకొని, "అంటే మా సూపరింటెండెంటు గారి ఉద్దేశం ఏమిటంటే..." అని మొదలుపెట్టాడు. నా ఉద్దేశం ఏమిటో ఆయనకే దొరక్క ఆగిపోయాడు.

గూడెం పెద్ద లేచి, ఇళ్ళు కదలడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. తీర్మానం అట్లాగే రాశారు. ఫైలు వెనక్కి పోయింది, ఇంతవరకూ మళ్ళీ రాలేదు. గోడ మీద మిరపకాయలు ఇంకా ఎండుతున్నాయి.

నాకు మెమో వచ్చింది. అందులో రెండు నేరాలు. ఒకటి, పైఅధికారి అనుమతి లేకుండా బహిరంగ సభలో మాట్లాడుట. రెండు, ఒంటెల విషయం సకాలంలో దృష్టికి తేకపోవుట. చూడకముందే రిపోర్టు రాసినందుకు మాత్రం ఒక్క ముక్క లేదు. దాన్ని నేరమంటే ముందు బీరువా తెరవాలి, బీరువా తెరిస్తే అందరి రిపోర్టులూ బయటపడతాయి. ఒక ఇంక్రిమెంటు కోసి వదిలేశారు. ఇంజనీరు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి టీ తాగుదాం పా అన్నాడు. వీడ్కోలు సభలో పెద్దసారు నాకు శాలువా కప్పి, నిజాయితీపరుడని చెప్పాడు. ఆ మాట ముందురోజే కాగితం మీద రాయించుకున్నాడట, రాసిచ్చిన గుమాస్తా నాకు చెప్పాడు.

రిటైరయిన ఏడు కొత్తల పండగకి గూడెం నుంచి కబురొచ్చింది. వెళ్ళాను. కొత్త చిక్కుడుకాయ కూర, కొత్త బియ్యం అన్నం పెట్టారు. ముసలామె తన గుమ్మం ముందు కూర్చొని ఉంది. ఎర్ర రంగు మేకు ఇంకా అక్కడే ఉంది, రంగు వెలిసిపోయింది. ఇంకో మేకపిల్ల దానికి కట్టేసి ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చాలాసేపు మాట్లాడింది. మోకాళ్ళ నొప్పులు, మనవరాలి చదువు, వానలు. ఉన్నట్టుండి అడిగింది.

"సారు, గా ముసల్ది ఎట్లున్నది? ఆమె ఇల్లు నిలబడ్డదా, ఖాళీ చేయించిండ్రా?"

నా అలవాటు మీకు తెలుసు కదా. నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది. 'సంబంధిత గృహము యథాతథముగా ఉన్నది.' ఆ మాట చెబితే ఆమె సంతోషపడేది, పండగ పూట నాకూ హాయిగా ఉండేది. ఆ యానాం మనిషి ఫోన్ నంబరు కూడా నేను తీసుకోలేదు.

"తెల్వదవ్వా," అన్నాను.

అంత సర్వీసులో, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం నాకదే మొదలు. ఆమె పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

"గీ ఒక్క ముక్క అప్పుడు రాస్తె అయిపోతుండె గద సారు!"